కూఫాలో తలుపు కాల్చిన రోజు

హోస్ట్: పోయిన ఎపిసోడ్‌లో హజ్రత్ అబూబక్ర్ దగ్గర ఆగాం. 632లో ఖలీఫా, అంటే ముహమ్మద్ ప్రవక్త తర్వాత ముస్లింల పాలకుడు, అవుతూనే, నేను సరిగ్గా నడిస్తే సాయం చేయండి, దారి తప్పితే సరిదిద్దండి అన్నారు. ఇవాళ ఆయన తర్వాతి ఖలీఫా హజ్రత్ ఉమర్. రాత్రిపూట పిండి మూట వీపున మోసుకెళ్లి పస్తున్న పిల్లలకు వండి పెట్టిన కథ అందరూ చెబుతారు కదా సర్?

అతిథి: ఆ కథంటే నాకూ ప్రాణమే అమ్మా. కానీ మనవాళ్లు అక్కడే ఆగిపోయి, అలాంటి మహానుభావుడు మళ్లీ పుడితే బాగుండు అంటారు. పుట్టకపోతే ఏంటి మన గతి? అందుకే ఆయన పెట్టిన ఏర్పాట్లు చూడమంటాను. గవర్నర్‌ని పంపేముందు ఆస్తి రాయించుకునేవారు, తర్వాత లెక్కకు అందకుండా పెరిగితే సగం తెచ్చి బైతుల్ మాల్‌లో, అంటే ఖజానాలో, జమ చేయించేవారు. ఈజిప్టు గెలిచిన అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్‌కి కూడా తప్పలేదు.

హోస్ట్: మన ఎన్నికల అఫిడవిట్ లాగా.

అతిథి: రాయడం వరకే. 2003 నుంచి మన అభ్యర్థులూ ఆస్తులు రాసిస్తున్నారు, ఐదేళ్లలో ఎన్ని రెట్లయిందో పేపర్లో చదువుతాం, ఎక్కడిదని నిలబెట్టి అడిగేదెవరు? ఉమర్ దగ్గర ఆ పనికి ముహమ్మద్ ఇబ్న్ మస్లమా ఉండేవారు. ఇరాక్‌లోని కూఫా నగరంలో గవర్నర్ సాద్ ఇబ్న్ అబీ వక్కాస్, ఖాదిసియ్యా యుద్ధంలో పర్షియన్లను ఓడించిన సేనాని, బజారు గోల పడలేక ఇంటికి తలుపు పెట్టించుకున్నారు. జనానికి అడ్డమవుతుందని ఉమర్ ఇబ్న్ మస్లమాను పంపితే, ఆయన కట్టెలు కొని తలుపుకు నిప్పు పెట్టి, సాద్ ఇవ్వబోయిన దారి ఖర్చు కూడా తీసుకోకుండా వెనక్కి వచ్చేశారు. పాతకాలపు చరిత్రకారుడు తబరీ రాసిన చరిత్రలో ఉంది ఇది.

హోస్ట్: ఫిర్యాదులు ఎలా చేరేవి?

అతిథి: హజ్‌కి గవర్నర్లను రప్పించేవారు, జనం అందరి ఎదుటే చెప్పుకోవచ్చు. మన ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ చాలాసార్లు తిరిగి తిరిగి ఎవరి మీద ఇచ్చామో వాళ్ల టేబుల్ మీదకే చేరుతుంది, నాకు బాధ కలిగించేది అదే. 639లో అరేబియాలో వచ్చిన కరువు చూడండి. ఉమర్ నెయ్యి, మాంసం మానేశారు, నూనె తిని తిని ఒంటి రంగే మారిపోయిందంటారు. సరే, అదొక్కటే అయితే జనం కడుపు నిండదుగా! సిరియా నుంచి ధాన్యం తెప్పించారు, జకాత్, అంటే పేదల కోసం ఉన్నవాళ్లు తప్పక ఇవ్వాల్సిన వాటా, వసూలు వాయిదా వేశారు, ఆకలితో దొంగతనం చేసినవాడికి చేయి నరికే శిక్ష ఆపారు.

హోస్ట్: తర్వాత ఈ ఏర్పాటు నిలిచిందా?

అతిథి: 644లో ఉమర్ హత్యకు గురయ్యారు. అడిగే అధికారమంతా ఆయన చేతిలోనే ఉండేది, ఖలీఫా ఎవరైనా ఆగకుండా నడిచేలా దాన్ని విడిగా కట్టలేదు. పన్నెండేళ్లకి, ఉమర్ తర్వాత ఖలీఫా అయిన హజ్రత్ ఉస్మాన్ కాలంలో, ఈజిప్టు నుంచీ కూఫా నుంచీ గవర్నర్ల మీద ఫిర్యాదులతో రాజధాని మదీనాకు వచ్చిన జనం చివరికి ఖలీఫా ఇంటినే ముట్టడించారు, 656లో ఆయనను చంపేశారు. అదంతా వచ్చే ఎపిసోడ్‌లో నెమ్మదిగా మాట్లాడుకుందాం.