సాక్షి తడబాటును చదివేది ఎవరు?

(దృశ్యం: అనంతపురం కోర్టు ఆవరణ. చెట్టు నీడన పాసుపుస్తకం పట్టుకొని కూర్చున్న రైతు.)

నమస్కారం. కోర్టులో తీర్పు చెప్పే పని కృత్రిమ మేధకు అప్పగించవచ్చా అన్నదే ఈ రోజు మన ప్రశ్న. పొలం గట్టు తగాదాలో ఒక ముసలి రైతు సాక్ష్యం చెప్పడానికి బోనెక్కాడనుకుందాం. "ఆ గెనిమ ఎవరు తెంచినారు?" అని వకీలు అడిగితే, ఆయన వెంటనే బదులు చెప్పకుండా, వెనక బెంచీ మీదున్న తమ్ముడి వైపు ఒకసారి చూసి, తువ్వాలుతో నుదురు తుడుచుకొని, "నాకు తెలీదు సామీ" అంటాడు. వాంగ్మూలంలో మిగిలేది "తెలియదు" అన్న ఒక్క మాట. కాగితాన్ని మాత్రమే చదివే కృత్రిమ మేధకు ఆ చూపూ, ఆ ఆలస్యమూ అందవు.

(దృశ్యం: పాత చట్టం పుస్తకం.)

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 18వ ఆర్డరు 12వ నియమం, సాక్షి తీరులో ముఖ్యమని తోచినదాన్ని రికార్డులో రాసిపెట్టే వీలు జడ్జికి ఇచ్చింది. నా దృష్టిలో కీలకం ఇదే. మనసుకు తట్టింది మనసులోనే ఉండిపోతే అది వట్టి అనుమానం. రాసి, కారణం చూపి, అప్పీలులో పైకోర్టు పరీక్షకు నిలబెట్టినప్పుడే అది న్యాయ విచక్షణ అవుతుంది.

జడ్జి ఊహ కూడా తప్పవచ్చు. మా సీమ పల్లెల్లో కోర్టు గడప తొక్కడమే బెదురు గనుక, ఆ చూపు అబద్ధానిదో, భయానిదో, అన్నదమ్ముల మధ్య మాట పోతుందన్న ఆరాటానిదో చూడగానే తేలదు. అందుకే తానే ప్రశ్న వేసే అధికారాన్ని సాక్ష్య చట్టం జడ్జికి ఇచ్చింది. "పెద్దాయనా, నీళ్ళు తాగి నిదానంగా చెప్పు" అని ఆయన మళ్ళీ అడగగలడు.

(దృశ్యం: తెర మీద ఒక అంకె.)

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక ముద్దాయికి శిక్ష వేసేటప్పుడు, అతడు మళ్ళీ నేరం చేసే అవకాశమెంతో లెక్కగట్టే కంపాస్ సాఫ్ట్‌వేర్ అంచనాను కూడా చూశారు. ఆ లెక్క వ్యాపార రహస్యమన్నారు. 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను నిలబెడుతూనే, ఆ అంచనాయే శిక్షను నిర్ణయించరాదని చెప్పింది. అయినా నాకు మనసొప్పదు. లెక్క కట్టిన తీరే చూపకపోతే ముద్దాయి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దేన్ని ప్రశ్నించాలి?

యంత్రం చేయదగిన పని లేకపోలేదు. తీర్పుల అనువాదానికి మన సుప్రీంకోర్టు 2019లోనే సువాస్ అనే కృత్రిమ మేధ సాధనాన్ని తెచ్చింది. కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా న్యాయస్థానాలకు ఇచ్చిన విధానం, తీర్పు చెప్పడానికి కృత్రిమ మేధను వాడరాదని, యంత్రం చేసిన అనువాదాన్ని అర్హత గల అనువాదకులో జడ్జీలో సరిచూడాలని చెబుతోంది. గెనిమ అంటే పొలం గట్టని తెలిసిన మనిషి సరిచూస్తేనే ఆ ముసలాయన మాట పైకోర్టుకు సరిగ్గా చేరుతుంది.