కంటైనర్‌లో కోడ్: మౌంటా, బిల్డా?

వ్యాఖ్యాత: ప్రోగ్రామ్‌ను, దానికి కావలసిన ప్యాకేజీలను కలిపి కట్టిన మూటను డాకర్‌లో ఇమేజ్ అంటారు, ఆ ఇమేజ్ నడుస్తున్న రూపమే కంటైనర్. కోడ్‌లో ఒక్క వరుస మార్చినా డాకర్ ఇమేజ్‌ను మళ్లీ బిల్డ్ చేయాలా, లేక కోడ్ ఉన్న ఫోల్డర్‌ను నేరుగా కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుంటే, అంటే కాపీ చేయకుండా అక్కడ కనిపించేలా జతచేసుకుంటే సరిపోతుందా అన్నది ఈనాటి చర్చాంశం.

బ్యాకెండ్ ఇంజనీరు: రోజువారీ పనికి మౌంట్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇమేజ్ తయారీ సూచనలుండే డాకర్‌ఫైల్‌లో ఒక లేయర్ (ఒక సూచన వల్ల ఏర్పడే పొర) మారితే దాని తర్వాతి లేయర్లన్నీ క్యాష్ (గత బిల్డ్ నుంచి దాచిన నిల్వ) నుంచి రాకుండా మళ్లీ తయారవుతాయి కాబట్టి, కోడ్‌ను కాపీ చేసే వరుస ప్యాకేజీల ఇన్‌స్టాలేషన్‌కు ముందు ఉన్నట్లయితే చిన్న మార్పుకు కూడా ప్యాకేజీలన్నీ తిరిగి ఇన్‌స్టాల్ అయ్యేదాకా వేచి ఉండవలసిందే.

ప్లాట్‌ఫాం ఇంజనీరు: ప్యాకేజీల జాబితాను ముందుగా కాపీ చేసుకుంటే ఆ బాధ చాలావరకు తీరుతుందనుకోండి. అయినా వేగం విషయంలో నాకు పేచీ లేదు. అసలు చిక్కు ఏమిటంటే, మౌంట్ చేసిన ఫోల్డర్ ఇమేజ్‌లో అదే పాత్‌లో ఉన్నవాటిని తొలగించదు గాని పూర్తిగా కప్పేస్తుంది. నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే సాధనం) ప్రాజెక్టుల్లో, ఇమేజ్‌లో ఇన్‌స్టాల్ చేసిన మాడ్యూల్స్, అంటే ప్యాకేజీల ఫైళ్లు, కనబడకుండా పోయి, వాటి స్థానంలోకి డెవలపర్ మ్యాక్‌లోని మాడ్యూల్స్ వస్తాయి; వాటిలో మ్యాక్ కోసం కంపైల్ చేసిన బైనరీలు ఉంటే లినక్స్ కంటైనర్‌లో అవి నడవవు.

బ్యాకెండ్ ఇంజనీరు: మాడ్యూల్స్ ఉండే ఆ ఒక్క ఫోల్డర్‌కు విడిగా నేమ్డ్ వాల్యూమ్ (డాకర్ తానే నిర్వహించే, పేరు పెట్టిన నిల్వ స్థలం) ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు కదండీ.

ప్లాట్‌ఫాం ఇంజనీరు: ఉండదు, కానీ వాల్యూమ్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఇమేజ్‌లోని ఫైళ్లతో నిండుతుంది. కొత్త ప్యాకేజీ చేర్చి ఇమేజ్‌ను తిరిగి బిల్డ్ చేసినా, పాత వాల్యూమ్‌ను తొలగించేదాకా కంటైనర్‌కు పాత మాడ్యూల్సే కనిపిస్తాయి. అందరూ డాకర్‌ఫైల్‌ను అనుమానిస్తారే తప్ప వాల్యూమ్ జోలికి పోరు.

వ్యాఖ్యాత: ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి తేడాలు ఉంటాయా?

బ్యాకెండ్ ఇంజనీరు: ఉంటాయండి. లినక్స్‌లో, సాధారణ అమరికలో, కంటైనర్ రూట్ (సర్వాధికారాలున్న) యూజర్‌గా నడిస్తే అది సృష్టించే ఫైళ్లకు మన సిస్టమ్‌లో కూడా రూటే యజమాని అవుతుంది. మన యూజర్ ఐడీతో కంటైనర్‌ను నడపడం దానికి మందు. మ్యాక్, విండోస్‌లలో కంటైనర్లు ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌లో నడుస్తాయి కనుక, వేలకొద్దీ చిన్న ఫైళ్లున్న ఫోల్డర్‌ను మౌంట్ చేస్తే చదవడం నెమ్మదిస్తుంది. 2023లో డాకర్ కంపోజ్ (పలు కంటైనర్లను కలిపి నడిపే సాధనం) 2.22తో అందుబాటులోకి వచ్చిన వాచ్ సదుపాయం నాకు నచ్చింది: కోడ్ మారితే ఆ ఫైళ్లను మాత్రమే కంటైనర్‌లోకి పంపమని, ప్యాకేజీల జాబితా మారితే ఇమేజ్‌ను తిరిగి బిల్డ్ చేయమని దానికి విడివిడిగా చెప్పుకోవచ్చు.

వ్యాఖ్యాత: అంటే బిల్డ్ అవసరం పూర్తిగా తీరలేదన్నమాట.

ప్లాట్‌ఫాం ఇంజనీరు: తీరదు. డాకర్‌ఫైల్‌లో ఒక ఫోల్డర్‌ను కాపీ చేయడం మరచిపోయినా, మౌంట్ ఉన్నంతకాలం ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. ఆ లోపం ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడుకదారుల ముందు, బయటపడకూడదంటే, కోడ్‌ను మెర్జ్ చేసే ముందు సీఐ సర్వర్ (కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే సర్వర్) ఏ మౌంటూ లేకుండా ఇమేజ్‌ను బిల్డ్ చేసి, టెస్టులను ఆ ఇమేజ్ మీదనే నడపాలి.