యుద్ధానికి వెళ్లని మెషిన్ గన్: బెసల్ కథ

[తెర మీద: పాత బీఎస్ఏ సైకిల్]

నమస్కారం. మన ఊళ్లలో బీఎస్ఏ సైకిల్ తెలియనివాళ్లు తక్కువ. ఆ మూడు అక్షరాల పూర్తి పేరు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. అంటే పుట్టుకతో అది తుపాకుల కంపెనీ. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులే దాని గుర్తు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ ఒక లైట్ మెషిన్ గన్ తయారుచేసింది. దాని పేరు బెసల్.

[మ్యాప్: డన్‌కర్క్, 1940]

జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్స్ తీరపట్టణం డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైనికులు ప్రాణాలతో బయటపడ్డారు కానీ, తమ ముఖ్యమైన లైట్ మెషిన్ గన్ అయిన బ్రెన్‌లను వేలకొద్దీ అక్కడే వదిలేసి రావాల్సి వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో బ్రెన్ తయారయ్యేది లండన్‌కు ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలోనే. దానిమీద బాంబులు పడితే? ఊరికే పుట్టిన భయం కాదది. ఆ నవంబర్ 19 రాత్రి బీఎస్ఏ ఫ్యాక్టరీ మీదే జర్మన్ బాంబులు పడ్డాయి. 53 మంది కార్మికులు చనిపోయారు.

[దగ్గరగా: తుపాకీ బాడీ]

బ్రెన్ గొప్ప తుపాకీయే. చిక్కంతా దాని తయారీలో ఉంది. ఉక్కు దిమ్మెను మిషన్ల మీద ఓపిగ్గా చెక్కితేగానీ దాని బాడీ రాదు. మంచి మిషన్లు, చేయి తిరిగిన పనివాళ్లు కావాలి. యుద్ధంలో ఆ రెండూ దొరకవు. అందుకే బెసల్ కోసం బీఎస్ఏ డిజైనర్ హ్యారీ ఫాల్క్‌నర్ చెక్కడం తగ్గించి, ఉక్కు రేకును ప్రెస్‌లో వంచి, స్పాట్ వెల్డింగ్‌తో అతికించాడు. చిన్న వర్క్‌షాపులు కూడా చేయగలిగేలా భాగాలను సులువు చేశాడు. మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె మాత్రం బ్రెన్‌దే పట్టేలా చూశాడు. నాకు బాగా నచ్చింది ఇదే. సైనికుడి సంచిలో ఉన్న మ్యాగజైన్లు ఈ రెండు తుపాకులకూ పనికొస్తాయి కదా!

రెండో నమూనాలో పక్కన లాగే పిడి తీసేశాడు. ట్రిగ్గర్ దగ్గర చేత్తో పట్టుకునే పిస్టల్ గ్రిప్‌నే ముందుకు నెట్టి వెనక్కి లాగితే చాలు, గన్ కాల్చడానికి సిద్ధం. ట్యాంకుల్లో వాడే బెసా మెషిన్ గన్‌లో ఉన్న పద్ధతే ఇది.

పరీక్షల్లో బెసల్ బాగానే పనిచేసింది. కానీ అప్పటికి ఎన్‌ఫీల్డ్‌లో పని ఆగలేదు, కెనడాలోని టొరంటోలో ఇంగ్లిస్ ఫ్యాక్టరీ కూడా బ్రెన్లు పెద్ద ఎత్తున తయారుచేస్తోంది. బ్రెన్లకు కొరత లేనప్పుడు కొత్త తుపాకీ కోసం మళ్లీ అచ్చులు, మిషన్లు సర్దడం ఎవరికి ఇష్టం?

బెసా, బెసల్ పేర్లు కలిసిపోతున్నాయని 1943లో దీనికి ఫాల్క్‌నర్ అని పేరు మార్చారు. ఆ ఏడాదే ప్రాజెక్టు ఆపేశారు.