ముల్లు ఎగిరిన చోట

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ పాశ్చాత్య సంగీత నిపుణుడన్నారు. నేను రైల్వేలో ముప్పై ఏళ్లు జమాఖర్చులు చూసి రిటైరైనవాణ్ణి. నిపుణుణ్ణి కాను, శ్రోతను. మొండి శ్రోతనని మా ఇంట్లో అంటారు, దానికి అభ్యంతరం లేదు. ఆహ్వానపత్రికలో 'బీతోవెన్ ఐదో సింఫనీ: ఆరు రికార్డింగుల పోలిక' అని వేశారు. బీతోవెన్ జర్మన్ స్వరకర్త, సింఫనీ అంటే పెద్ద వాద్యబృందానికి రాసిన, కొన్ని భాగాల రచన. ఆరూ ఈ పూట తెమలవు. ఎన్ని తెములుతాయో చూద్దాం.

మా నాన్నగారు కర్ణాటక సంగీతం తప్ప ఇంకేదీ వినని మనిషి. నేను ఇదే సింఫనీ మూడో రికార్డింగు కొనుక్కొచ్చిన రోజున ఒక ప్రశ్న వేశారు. "అందరూ ఒకే కాగితం చూసి వాయిస్తారు కదరా, ఒక్క రికార్డు ఉంటే చాలదా?" మనకు పాఠాంతరం అనే మాట ఉంది. ఒకే కృతి, గురువును బట్టి, ఊరిని బట్టి నడక మారుతుంది. పాశ్చాత్య సంగీతంలో స్వరం, కాలం, బిగ్గర, మెల్లన అన్నీ అచ్చులో ఉంటాయి. ఇంకా మారేదేమిటని ఆయన సందేహం. ఆ రోజు నాకు జవాబు తట్టలేదు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. ఈ ప్రసంగం ఆయనకే చెబుతున్నాననుకోండి, మీరు పక్కన కూర్చుని వింటున్నారు.

అందరూ తొడ మీద తాళం వేయండి. మొహమాటం వద్దు, వెనక వరుస కూడా. పపప గా, మమమ రీ. ఐదో సింఫనీ మొదలు ఇదే, అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, దెబ్బ పడ్డచోట సంగీతం లేదు. మొదటి అర మాత్ర ఖాళీ. దెబ్బ పడ్డాక ఎత్తుకుంటారు. మన భాషలో అనాగత ఎడుపు. వందమంది ఆ ఖాళీని ఒకేలా మోసి ఒకేసారి దూకాలి. ఆ 'గా' మీద ఎంతసేపు నిలవాలో కూడా కాగితం చెప్పదు, నిలవమని మాత్రమే గుర్తు పెట్టింది. రెండో నిలుపును, ఆ 'రీ'ని, మొదటిదానికన్నా ఒక కొలత (మన ఆవర్తనం లాంటిది) పొడవుగా రాశాడు బీతోవెన్. దాన్ని పట్టించుకునే కండక్టరు, అంటే చేతి సైగలతో బృందాన్ని నడిపేవాడు, ఎవరో, పట్టించుకోనివాడు ఎవరో పది సెకన్లలో తెలిసిపోతుంది. నాన్నగారూ, మొదటి జవాబు ఇది.

ఆ నాలుగు స్వరాలు విధి తలుపు తట్టడమేనన్న కథ జోలికి నేను పోను. అది చెప్పిన షిండ్లర్ బీతోవెన్ దగ్గర కార్యదర్శిగా ఉన్నవాడు; చెవుడు వచ్చిన బీతోవెన్‌తో జనం రాసి మాట్లాడిన సంభాషణల పుస్తకాల్లో తర్వాత సొంత రాతలు దూర్చిన ఘనుడు. బీతోవెన్ శిష్యుడు చెర్నీ అవి ఒక పిట్ట కూతలోంచి వచ్చాయన్నాడు. నా ఓటు పిట్టకే.

ఇక వేగం. 1808 డిసెంబరు 22న వియన్నాలో, చలికి వణికే హాలులో, నాలుగు గంటల కచేరీలో ఇది మొదటిసారి వినిపించింది. 1817లో బీతోవెన్ తన సింఫనీలకు మెట్రోనోము (టిక్కుటిక్కుమని వేగం చూపే యంత్రం) అంకెలు అచ్చు వేయించాడు. దీని మొదటి భాగానికి నిమిషానికి 108 దెబ్బలు, కొలతకు ఒక దెబ్బ. నేను జమాఖర్చుల మనిషిని, లెక్క వేశాను. మొదటి భాగంలో కొలతలు 502. తొలి 124 మళ్లీ వాయించాలి. మొత్తం 626. 108తో భాగిస్తే ఆరు నిమిషాల లోపు, ఆగే చోట్లు కలిపితే కొంచెం ఎక్కువ. కండక్టరు గార్డినర్ 1994లో ఆనాటి తరహా వాయిద్యాలతో దాదాపు ఈ లెక్కకు వచ్చాడు. ఇంకో కండక్టరు కార్లోస్ క్లైబర్ 1974లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందంతో తీసుకున్నది ఏడు నిమిషాల పైచిలుకు. మరో కండక్టరు బూలెజ్ 1968లో తొమ్మిది దాకా లాగాడు. ఒకే కాగితం! నాకు బూలెజ్‌ది ఇష్టం లేదు, కానీ వద్దనను. ఎండలో పెళ్లి ఊరేగింపులా ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది. ఆగితేనే కనిపించే గుమ్మాలు కొన్ని ఉంటాయి.

నేను మొదట విన్న రికార్డు గురించి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను కూడా.

1979లో ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద ఎనిమిది రూపాయలకు ఒక ఎల్పీ, అంటే పెద్ద గ్రామఫోను రికార్డు, కొన్నాను. అట్ట లేదు. లేబుల్ మీద బీతోవెన్, ఐదో సింఫనీ అన్నంతవరకు చదవవచ్చు. ఆ కింద తడి పట్టి కండక్టరు పేరు, బృందం పేరు రెండూ పోయాయి. పెళ్లయిన కొత్త. ప్లేయరు మా అత్తగారింట్లో ఉండేది. నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోపు మా బావమరిది రికార్డు పెట్టేశాడు. ముల్లును లీవరుతో దించాలి. అతను చేత్తో దించాడు, చెయ్యి జారింది. బర్రుమని ఒక గీత. పేరు చెప్పను. మూడో వరుసలో చారల చొక్కాతో కూర్చున్నాడు.

ఆ గీత దగ్గర ముల్లు ఏడెనిమిది గాడులు ఎగిరి ముందుకు పడేది. పదకొండేళ్లు నేను ఆ సింఫనీని అలాగే విన్నాను. నాకు తెలిసి ఆ సింఫనీ అలాగే ఉంటుంది!

1990లో ఒక మిత్రుడు క్లైబర్ క్యాసెట్ ఇచ్చాడు. మొదటి భాగం సగం దాటింది. మొదట్లో విన్న సంగీతం మళ్లీ వచ్చింది, వాద్యబృందం మొత్తం ఉరుముతోంది. హఠాత్తుగా అందరూ ఆగారు. ఒక్క ఓబో, ఒంటరిగా, నెమ్మదిగా, ఎవరికోసమూ కాకుండా ఒక చిన్న ఆలాపన చేసింది. మళ్లీ ఉరుము. నేను లేచి నిలబడ్డాను. ఓబో రెండు రెల్లు పలకల వాయిద్యం, మన నాదస్వరానికి చుట్టం. యుద్ధం మధ్యలో ఈ సన్నాయి ఎక్కడిది? క్లైబర్ సొంతంగా చేర్చాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? నలుగురిలో అన్నాను. వాదించాను. "కచేరీల్లో ఎవరైనా ఇలాంటి స్వేచ్ఛ తీసుకోవచ్చా?" అని ఆవేశపడ్డాను. ఆ మిత్రుడు ఏమీ అనకుండా స్వరలిపి పుస్తకం తెచ్చి 268వ కొలత చూపించాడు. అక్కడ అడాజియో, అంటే నెమ్మదిగా, అని బీతోవెన్ రాసే ఉంది.

నాకు రికార్డింగులు పోల్చే పిచ్చి పట్టింది ఆ సిగ్గులోంచే. ఆ ఒక్క కొలతలో కండక్టరు చెయ్యి దించి ఊరుకోవలసిందే. ఊదేవాడి ఊపిరి ఎంతో అంతే సంగీతం. ఒకరు ఏడుస్తారు. ఒకరు ఆఫీసులో సంతకం పెట్టినట్టు ముగిస్తారు. ఎవరైనా కొత్త రికార్డింగు తెస్తే మొదటి నాలుగు స్వరాలు వినను, తిన్నగా అక్కడికి వెళతాను.

అయితే నా ఎల్పీ ఎవరిది? అది తేల్చాలనుకున్నాను. ఒక ఆనవాలు హార్న్‌లు, ఊదే ఇత్తడి వాయిద్యాలు. మొదటి భాగంలో రెండో ఇతివృత్తాన్ని, అంటే రెండో ముఖ్యమైన పాటను, తొలిసారి పిలిచేది హార్న్‌లే. అది తిరిగి వచ్చినప్పుడు బీతోవెన్ ఆ పిలుపును బసూన్‌లకు, అంటే లోతు గొంతు ఊదు కొయ్య వాయిద్యాలకు, ఇచ్చాడు. ఆనాటి హార్న్‌కు మీటలు లేవు, ఆ శ్రుతిలో ఆ స్వరాలు అందవు. తర్వాత మీటల హార్న్ వచ్చింది. అప్పుడే ఉండి ఉంటే ఆయన దానికే ఇచ్చేవాడని పాతతరంలో చాలామంది హార్న్‌లకే ఇచ్చారు. గార్డినర్ వంటివాళ్లు రాసింది రాసినట్టు బసూన్‌లకే ఉంచారు. నా ఎల్పీలో హార్న్‌లే. రెండో ఆనవాలు, అది స్టీరియో. అంటే జర్మన్ కండక్టరు ఫుర్ట్‌వెంగ్లర్ కాదు, స్టీరియో ఎల్పీలు రాకముందే, 1954లోనే ఆయన పోయారు.

ఆయన పేరు వచ్చింది గనుక ఒక్కమాట. 1943 జూన్‌లో, బాంబుల బెర్లిన్‌లో ఆయన ఇదే సింఫనీ చేశారు. అదే సమయంలో సముద్రం అవతల బీబీసీ ఇవే నాలుగు స్వరాలను విజయ సంకేతంగా కొడుతోంది. తంతి సంకేత భాష మోర్స్‌లో మూడు చుక్కలు, ఒక గీత 'వి' అక్షరం గదా. ఆయన బృందం బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ హాలు 1944 జనవరిలో కూలింది. నాజీలతో సంబంధాలపై విచారణ ముగిశాక 1947 మే 25న ఆయన తిరిగి తన బృందం ముందుకు వచ్చింది టిటానియా పలాస్ట్ అనే సినిమా హాలులో. అప్పుడూ ఈ సింఫనీయే. రెండూ దొరుకుతాయి, వినండి. మనిషి అదే, బృందం అదే, కాగితం అదే. నాన్నగారూ, ఇది రెండో జవాబు. దీన్ని నేను వివరించలేను.

టైము చీటీ వచ్చింది. సరే, ముగిస్తున్నాను. మూడో ఆనవాలు నిడివి. ముల్లు ఎగరగొట్టిన సెకన్లు కలిపితేగాని అసలు నిడివి తేలదు. ఎల్పీ ఒక చుట్టుకు 1.8 సెకన్లు. ఎగిరినవి ఏడు గాడులైతే పన్నెండున్నర సెకన్లు, ఎనిమిదైతే పద్నాలుగున్నర. ఏడా ఎనిమిదా అన్నది నలభై ఏళ్లుగా నాకూ బావమరిదికీ తగాదా. క్లెంపరర్ అనుకున్నాను, కానీ ఆయన రెండో వయొలిన్లను కుడివైపు కూర్చోబెడతారు, నా ఎల్పీలో వయొలిన్లన్నీ ఎడమవైపే. ఇప్పటికి పద్నాలుగు రికార్డింగులు పక్కన పెట్టి విన్నాను. ఏదీ అతకలేదు. అతికించగలిగే ఓబో ఒక్కటే, అదే అందులో లేదు.

ఆ ఎల్పీ తెచ్చాను. మీలో ఎవరైనా గుర్తుపడతారేమో. ఆ ఫ్యాన్లు ఆపించండి, చప్పుడు. క్లైబర్, బూలెజ్ తర్వాత వింటాం, టైము ఉంటే. బావా, నువ్వే రా. ఈసారి లీవరుతో.