తాతయ్యా, నక్క!

శ్రోతలకు నమస్కారం.

బొమ్మల పుస్తకాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రేడియోలో! ఇదిగో ఈ బొమ్మ చూడండి అని పుస్తకం తిప్పి చూపించడానికి లేదు. సరేనని ఒప్పుకుని ఇంటికెళ్లాక గానీ ఈ చిక్కు నాకు తట్టలేదు. ఫరవాలేదు, బొమ్మలు మీరు ఊహించుకోండి, మాటలు నేను చెబుతాను. నా జీవితమంతా మాటల పక్కనే గడిచింది మరి.

విజయవాడలో ఒక ప్రెస్సులో 36 ఏళ్లు ప్రూఫులు దిద్దాను. చేరినప్పుడు సీసం అక్షరాలు, మానేసేనాటికి కంప్యూటర్ మీద డీటీపీ. ఏ కాగితం చేతికిచ్చినా నా కన్ను ముందు అక్షరం మీద వాలుతుంది. శుభలేఖ వస్తే ముహూర్తం ఎప్పుడో చూడకుండా వత్తు ఎక్కడ తప్పిందో చూస్తానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. పిల్లల పుస్తకాలు కూడా చాలానే దిద్దాను. పేజీకి రెండు లైన్లు, మూడు లైన్లు. మధ్యాహ్నం టీ వచ్చేలోపు ఒక పుస్తకం అయిపోయేది. మరి బొమ్మలు? బ్లాకు తలకిందులుగా పడలేదు కదా అని ఒకసారి చూసేవాణ్ణి, అంతే. ఆ బొమ్మలో ఏముందో చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు మా మనవరాలికి మూడో ఏడు నడుస్తోంది. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు కాబట్టి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పిల్ల మా దగ్గరే ఉంటుంది. పోయిన వానాకాలంలో మా అమ్మాయి ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. "నాన్నా, దీనికి ఇది చదివి పెట్టు. తెలుగులోనే చెప్పు" అంది. పుస్తకం పేరు రోజీస్ వాక్. ప్యాట్ హచిన్స్ అనే ఇంగ్లండు ఆవిడ 1968లో రాసి, బొమ్మలు కూడా తనే వేసింది. రోజీ ఒక కోడిపెట్ట. గూట్లోంచి షికారుకు బయల్దేరి, పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము ఎక్కి దిగి, పిండిమర పక్క నుంచి, కంచె సందులోంచి, తేనెపెట్టెల కింద నుంచి నడిచి, భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. పుస్తకం మొత్తానికి 32 మాటలు. నేను రెండు నిమిషాల్లో చెప్పేశాను. అచ్చుతప్పులు కూడా లేవు. "అయిపోయిందమ్మా" అని మూసేశాను.

పిల్ల మూయనివ్వలేదు. మళ్లీ తెరిచి, బొమ్మ మీద వేలు పెట్టి, "తాతయ్యా, నక్క!" అంది.

చూద్దును కదా, నిజంగానే నక్క. కోడి వెనకాలే పొంచి ఉంది. పేజీ తిప్పాను. కోడి మీదికి దూకబోయి, చెత్త లాగే పళ్ల కర్ర మీద కాలేసింది. కర్ర లేచి దాని మూతి మీద ఫట్‌మని తగిలింది. ఆ తర్వాత చెరువులో పడింది. గడ్డిలో కూరుకుపోయింది. పిండిమర దగ్గర నెత్తిన పిండి కుమ్మరించుకుంది. చివరికి తేనెటీగలు దాన్ని తరుముకుంటూ పోయాయి. కోడి మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు. తన వెనక ఇంత భాగోతం నడిచిందని దానికి తెలియనే తెలియదు. ఆ 32 మాటల్లో నక్క అన్న మాట ఎక్కడా లేదండీ! అక్షరాలు వచ్చిన నేను కోడి షికారు చదివాను. అక్షరాలు రాని మా మనవరాలు నక్క కథ చదివింది.

రెండోసారి చదివేటప్పుడు "కోడీ, వెనక్కి చూడు! వెనక్కి చూడు!" అని అది ఎంత గట్టిగా అరిచిందంటే, వంటింట్లోంచి మా ఆవిడ అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది. తర్వాత ముగ్గురం కలిసి అరిచాం. ఆ కోడి వినలేదనుకోండి.

ప్రెస్సు మనిషిని కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బొమ్మల పుస్తకాలు చాలామటుకు 32 పేజీలే ఎందుకుంటాయని ఎప్పుడైనా అనుకున్నారా? పెద్ద షీటును మడతలు పెట్టి కోస్తే 16 పేజీలు వస్తాయి. దాన్ని మేం ఫారం అంటాం. రెండు ఫారాలు కలిపితే 32. ఇంకో పేజీ పెంచాలంటే ఖర్చు ఎక్కడికో పోతుంది. ఆ కాసిని పేజీల్లోనే పేరు పేజీ పోగా, వివరాల పేజీ పోగా, మిగిలినదాంట్లో ఒక ప్రపంచం పట్టాలి. అందుకే తెలిసినవాళ్లు బొమ్మ చెప్పేది మాటతో మళ్లీ చెప్పరు. ఇన్నేళ్లు ఫారాలు లెక్కపెట్టాను గానీ ఈ సంగతి ఆలోచించలేదు.

బుద్ధి వెంటనే వచ్చిందా అంటే, రాలేదు. పక్కింటావిడ ఒకరోజు వచ్చి, "పాప ఎప్పుడూ పుస్తకం పట్టుకునే ఉంటుంది, అక్షరాలు వచ్చేశాయా బాబాయి గారూ?" అంది. ఆ మాట నాలో పురుగులా దొలిచింది. మర్నాడు సాయంత్రం ఒక తెలుగు పుస్తకం తీసి, బొమ్మ వదిలేసి, "ఇది క, ఇది కొమ్ము, ఇలా సాగితే కూ" అని మొదలుపెట్టాను. పిల్ల నా వేలు చూసింది. నా మొహం చూసింది. అట్ట మూసి, నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, సోఫా కిందికి తోసేసి వెళ్లిపోయింది. మూడు రోజులు నా దగ్గరకి ఏ పుస్తకమూ తేలేదు. అమ్మమ్మ దగ్గరకే తీసుకెళ్లింది. ప్రూఫులు దిద్దేవాడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

ఇక నాకు ఇష్టమైన పుస్తకం సంగతి. నా చిన్నప్పుడు, 1970 ప్రాంతంలో, మా నాన్న విజయవాడ విశాలాంధ్రలో సోవియట్ బొమ్మల పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు. మాస్కోలోనే తెలుగులో అచ్చయి వచ్చేవవి. గట్టి కాగితం, నిండు రంగులు, ధర చూస్తే మాలాంటి వాళ్లకి అందేంత. రష్యన్ నుంచి తెలుగు చేసినవాళ్లలో ఉప్పల లక్ష్మణరావు గారు, ఆర్వీయార్ గారు ఉండేవారు. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ పుస్తకాల రాక కూడా ఆగిపోయింది. నా దగ్గర మిగిలినవి నాలుగు. చెదలు కొట్టకుండా వేపాకు వేసి దాచుకున్నాను.

వాటిలో ఒక జానపద కథలో ఒకడు ఎప్పుడూ పొయ్యి మీద పడుకునే ఉంటాడు. మా ఇంట్లో పొయ్యి అంటే మూడు గడ్డల మట్టిపొయ్యి. దాని మీద మనిషెలా పడుకుంటాడు? ఒళ్లు కాలదా? మా అమ్మనడిగితే "వాళ్ల దేశంలో చలి ఎక్కువ కదరా" అంది. నేను దానికే తృప్తిపడ్డాను. రష్యా పల్లెల్లో పొయ్యి అంటే గదిలో చాలా భాగం ఆక్రమించే ఇటుకల కట్టడమనీ, దాని పైన వెచ్చగా పడుకునేందుకు చోటుంటుందనీ చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మరి బొమ్మలో ఆ పొయ్యి లేదా? ఉంది! తెల్లగా, నిలువెత్తున ఉంది. నేను దాన్ని గోడ అనుకున్నాను. అక్షరం పొయ్యి అన్నది కాబట్టి నా బుర్రలో మా పొయ్యే వెలిగింది.

ఆ పుస్తకం మనవరాలికి చూపించే రోజు కోసం దాదాపు ఏడాది ఆగాను. చేతులు కడిగించి, చాప మీద కూర్చోబెట్టి, వేపాకులు దులిపి తెరిచాను. ఊరంతా మంచు కప్పిన బొమ్మ. నాకు ప్రాణం ఆ బొమ్మంటే. పిల్ల కాసేపు చూసి, "పెరుగు" అంది. అని లేచి వెళ్లిపోయింది. చివుక్కుమంది, అబద్ధమెందుకు. యాభై ఏళ్లు దాచుకున్నది దాని కళ్లకి పెరుగైపోయింది. తర్వాత నెమ్మదిగా చూస్తే, ఇళ్ల కప్పుల మీద మంచు నిజంగా గడ్డ పెరుగులాగే ఉంది. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లకి మంచు ఎక్కడ తెలుసు?

మిగతా వాటిలో దానికి నచ్చింది పెద్ద దుంప కథ. తాత దుంప నాటుతాడు, అది ఇంతై అంతై పెరుగుతుంది, పీకితే రాదు. తాతని అవ్వ, అవ్వని మనవరాలు, మనవరాలిని కుక్క, కుక్కని పిల్లి పట్టుకుని లాగుతారు, అయినా రాదు. చివరికి ఎలుక వచ్చి ఒక చెయ్యి వేస్తే అప్పుడు ఊడుతుంది. మన ఏడు చేపల కథ లేదూ? చేపా చేపా ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందనడం, గడ్డిమోపు ఆవు మీద చెప్పడం, అలా ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకుంటూ పోయి చీమ దగ్గర తేలడం. ఇదీ ఆ కులమే. రష్యాలో ఎలుక, మన దగ్గర చీమ, అసలు పని మాత్రం అన్నిటికన్నా చిన్నదాని చేతిలో. ఇంట్లో అందరికన్నా చిన్నదైన మా మనవరాలికి ఆ ఎలుక అంటే ఎంత గౌరవమో చెప్పలేను. కథ అయ్యాక నన్ను కుర్చీలోంచి పీకడం రోజూ జరిగే కార్యక్రమం. దుంప నేను. అమ్మమ్మ వచ్చి లాగినా నేను రాకూడదు. ఎలుక బొమ్మ తెచ్చి ఆనిస్తేనే రావాలి.

ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ చదవమంటుంటే విసుగు రాదా అని అడుగుతారు. వస్తుంది. మొన్నొక రాత్రి వరసగా ఏడోసారి. నిద్ర ముంచుకొస్తోంది. కుక్క పేజీ తిప్పేసి తిన్నగా పిల్లి పేజీకి వెళ్లాను. వెంటనే పట్టేసింది. "కుక్కేదీ?" ఏం చెప్పాలో తోచక "ఆ పేజీ నిద్రపోయిందమ్మా" అన్నాను. ఒప్పుకోలేదు. వెనక్కి తిప్పి, కుక్కని లేపి, లాగించింది. నా సర్వీసులో ఇంత గట్టి ప్రూఫ్ రీడర్ని చూడలేదు. ఒక్క మాట మార్చినా ఊరుకోదు. అందుకే పుస్తకంలో భాష బిగుసుకుపోయి ఉంటే మొదటిసారే మన ఇంటి మాటల్లోకి మార్చి చదవాలి. "గృహమునకు చేరెను" అని అచ్చేస్తే నేను "ఇంటికొచ్చేసింది" అంటాను. ఒకసారి అన్నాక ఇక అదే పాఠం. పుస్తకంలో ఉన్నట్టు దిద్దే హక్కు కూడా నాకు లేదు.

ఇలా అడుగుతూ, ఆగుతూ చదవడం గురించి పెద్ద పరిశోధనే ఉంది. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త బృందం రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక పద్ధతి నేర్పింది. గడగడా చదివేయకుండా "ఇక్కడేం జరుగుతోంది?" అని అడగడం, పిల్ల ఒక మాట అంటే దానికి ఇంకో మాట చేర్చి తిరిగి అనడం. అది "నక్క" అంటే మనం "అవును, తడిసిన నక్క" అనడం, అలాగన్నమాట. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మాట్లాడటంలో మామూలుగా చదివించుకున్న పిల్లలకన్నా కొన్ని నెలలు ముందుకెళ్లారట. మా అమ్మాయి ఇది చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ శిక్షణ నాకు సోఫా దగ్గరే అయిపోయింది.

పుస్తకాలు చిరుగుతాయి. చిరగనివ్వండి. ఏడాదిలోపు పిల్లలకైతే మందపాటి అట్ట పేజీల పుస్తకాలివ్వండి, ఎలాగూ ముందు నోట్లోనే పెట్టుకుంటారు. మా ఇంట్లో ఆదివారం పొద్దున మైదా ఉడికించి జిగురు చేస్తాను. చిరిగిన పేజీకి పల్చటి కాగితం ముక్క అంటిస్తాను. పిల్ల పక్కన కూర్చుని "దెబ్బ తగ్గిందా?" అని పేజీని అడుగుతుంది. సెల్లో టేపు మాత్రం వద్దు, నాలుగేళ్లకి పసుపెక్కి బొమ్మను తినేస్తుంది. ఇది ప్రెస్సులో నేర్చుకున్నది.

తెలుగులో దొరుకుతాయా అంటే, వెతికితే దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు చవక. చెన్నై తూలిక, సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని పెట్టారు, అందులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. నా మట్టుకు నాకు కాగితం చేతిలో ఉంటేనే బాగుంటుంది. ఫోన్లో బొమ్మ చూస్తుంటే ఎవరో ఒకరు కాల్ చేస్తారు, నక్క చెరువులో పడే సమయానికే చేస్తారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. మీరు ఏరకండి, వాళ్లని ఏరుకోనివ్వండి. మా మనవరాలు రంగు మాసిన ఒక గాడిద పుస్తకం ఏరింది. అట్ట మీదే అచ్చుతప్పు ఉంది. పళ్ల బిగువున కొన్నాను.

ఈ మధ్య మా మనవరాలే నాకు చదివి పెడుతోంది. అక్షరం ముక్క రాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఆగదు. నిన్న రాత్రి దుంప కథ చెబుతోంది. తాత లాగాడు, అవ్వ లాగింది, మనవరాలు లాగింది, అంటూనే ఆవులింతలు. రెండు పేజీలు కలిపి తిప్పేసింది. నేను ఊరుకుంటానా? "కుక్కేదమ్మా?" అన్నాను.

కళ్లు మూసుకునే చెప్పింది: "పేజీ నిద్రపోయింది తాతయ్యా."

నమస్కారం.