పదహారేళ్లకు వచ్చేది పూర్తి లైసెన్స్ కాదు

కాలిఫోర్నియాలో మనవాళ్లు తరచూ అనే మాట ఇది: "మావాడికి పదహారు నిండాయి, లైసెన్స్ వచ్చేసింది. ఇక పక్కింటి పిల్లల్ని కూడా వాడే స్కూల్లో దింపేస్తాడు." దింపకూడదండీ! చట్టం ఒప్పుకోదు. ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షనే.

మన ఊళ్లలో బావిలో ఈత ఎలా నేర్పేవారు? నడుముకి బెండ్లు కట్టి దింపేవారు. కాళ్లూ చేతులూ ఆడుతున్న కొద్దీ ఒక్కో బెండు తీసేసేవారు. ఇక్కడి లైసెన్స్ కూడా అంతే.

పదిహేనున్నరకి పర్మిట్, అంటే నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి. అప్పుడు బెండ్లన్నీ ఉంటాయి, పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. కనీసం ఆరు నెలలు ఆ పర్మిట్‌తోనే గడపాలి. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 6 గంటలు, మనతో 50 గంటలు నడపాలి. అందులో 10 గంటలు రాత్రిపూట. ఈ 50 గంటల్ని కాగితం మీద నింపేసి సంతకం పెట్టే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

పదహారుకి డ్రైవింగ్ టెస్ట్ పాసైనా రెండు బెండ్లు మిగిలే ఉంటాయి. మొదటి ఏడాది, లైసెన్స్ ఉన్న పాతికేళ్లు నిండిన మనిషి పక్కన లేకుండా రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు నడపకూడదు. అలాంటి మనిషి పక్కన లేకపోతే ఆ ఏడాది ఇరవై ఏళ్లలోపు వాళ్లని కూడా ఎక్కించుకోకూడదు. సొంత చెల్లెలైనా సరే! వేరే దారి లేక తప్పనిసరైతే, ఆ అవసరం రాసి మీరు సంతకం పెట్టిన కాగితం పిల్లల దగ్గర ఉండాలి. కారులో స్నేహితులు పెరిగే కొద్దీ టీనేజ్ డ్రైవర్లకి ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఏడాది దాకా ఆ బెండు కూడా తీయరు.

మరి స్కూల్లో డ్రైవింగ్ పాఠాలు చాలవా? 1934లో పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ అనే ఊరి హైస్కూల్లో ఏమస్ నైహార్ట్ అనే ప్రొఫెసర్ ఈ పాఠాలు మొదలుపెట్టాక దేశమంతా అవే చాలనుకున్నారు. తర్వాత జార్జియాలోని డికాల్బ్ కౌంటీలో వేలమంది విద్యార్థుల మీద పరిశోధన చేస్తే, కోర్సు వల్ల ప్రమాదాలు ఆశించినంత తగ్గలేదని తేలింది. ఈత గురించి క్లాసు విన్నంత మాత్రాన నీళ్లలో తేలలేం కదా. 1996లో ఫ్లోరిడా, 1998లో కాలిఫోర్నియా ఈ అంచెల పద్ధతికి మారాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. 18 లోపు కారు నడుపుతూ ఫోన్ ముట్టుకోకూడదు, హ్యాండ్స్‌ఫ్రీ కూడా కుదరదు. పదిహేడున్నర దాటాక పర్మిట్ తీసుకుంటే డ్రైవింగ్ కోర్సు అక్కర్లేదు, కానీ లైసెన్స్ 18 నిండాకే. ఆ దారిలో వెళ్లేవాళ్లు కూడా, చట్టం అడగకపోయినా, పిల్లల పక్కన ఆ 50 గంటలూ కూర్చోండి.