కట్ట విప్పనిద్దాం, అప్పు తర్వాత
(దేవరకొండలో ప్రాథమిక ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, మండలాల నుంచి ఎండకోర్చి వచ్చిన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది.

పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో మనస్తత్వవేత్త పియాజే చెప్పిన నాలుగు దశలు, టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాసిన మనందరికీ నోటికి వచ్చు. ఏడేళ్ల దాకా పూర్వ ప్రచాలక దశ, అంటే కంటికి కనిపించిందే నిజమనుకునే వయసు. పదకొండు దాకా మూర్త ప్రచాలక దశ, అంటే చేతిలో వస్తువుంటే తర్కం అందే వయసు. మార్కులు పడ్డాయి, సంతోషం. మరి 52లోంచి 27 తీసెయ్యమంటే మన పిల్లలు 35 ఎందుకు వేస్తున్నారు?

35 వేసిన పిల్ల గుడ్డిగా వేయలేదు. 2లోంచి 7 పోదు, 7లోంచి 2 పోతుంది. పోయేదాన్నే తీసింది. మనమేమో ‘పక్కింట్ల అప్పు తెచ్చుకో’ అంటాం. 5 కొట్టేసి 4 వేస్తాం, 2 పక్కన 1 తగిలిస్తాం. ఒకటి తెస్తే పన్నెండు ఎట్లయింది? ఏడేళ్ల పిల్లకు అది బోర్డు మీద కనిపించదు.

జట్టుకు 60 చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు. పదేసి కట్టలు పిల్లలే కట్టాలి. మనం కట్టి తెస్తే వాళ్లకు కట్ట ఒక్క వస్తువే, అందులో పది కనబడవు. 5 కట్టలు, 2 విడిపుల్లలు పెట్టించి, 27 ఇమ్మనండి. 7 విడిపుల్లలు ఉండవు. అక్కడ మనం నోరు మెదపొద్దు. ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. వెంటనే అడగండి: ‘ఇప్పుడు మొత్తం ఎన్ని?’ లెక్కపెట్టకుండా 52 అంటే పిల్ల సిద్ధం. 42 అన్నా, మొదట్నుంచీ లెక్కపెట్టినా ఇంకొన్నాళ్లు పుల్లలే.

ఎక్కువగా చెడేది ఆ తర్వాతే. పుల్లలు సంచిలో వేసి నేరుగా అంకెలకు దూకుతాం. నడుమ బొమ్మ ఉండాలి: కట్టకు నిలువు గీత, పుల్లకు చుక్క. గీత కొట్టేసి పది చుక్కలు పెట్టాలి. చుక్కలతో విసుగొచ్చి ‘సార్, అంకెలేస్తా’ అంటారు చూడండి, అదీ సమయం. ఎర్రపూస పది, నీలిపూస ఒకటి అనే సామగ్రి ముందే తేవద్దు. అదీ గుర్తే కదా, ఎర్రపూసను విప్పలేం!

నల్గొండ జిల్లా కదా అని భిన్నాలకు బత్తాయి తెచ్చేవాళ్లున్నారు. తొనలు అన్నీ సమానంగా ఉండవు, కాయకాయకూ లెక్క మారుతుంది. పైగా పాఠం కంటే ముందు కాయ అయిపోతుంది. కాగితం మడిచి, ముక్క మీద ముక్క పెట్టి చూపండి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్పాలి. ఎడంగా జరిపినా లెక్క మారదని పిల్లకు తెలుసో లేదో చూడటానికి ఏడేసి చింతగింజలు రెండు వరుసలు పేర్చి, ఒక వరుసను ఎడంగా జరిపి ‘ఎందులో ఎక్కువ?’ అని అడుగుతాం. గింజలు జరిపాక మాత్రమే, ఒక్కసారే అడగాలి. ముందోసారి, తర్వాతోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని మార్చేస్తారు. తండా పిల్లలైతే లంబాడీలో తోటి పిల్లతో అడిగించండి. ‘ఎక్కువ’ అన్న మాట తెలియకపోవడం దశ కాదు, భాష. దాన్ని వెనకబాటు అని రిజిస్టరులో రాయకండి, దయచేసి. వయసులూ అటూఇటూ అవుతాయి. గింజల్లో తడుముకోని పిల్ల, ఆకారం మారినా బరువు మారదన్న దగ్గర తొమ్మిదేళ్లొచ్చినా తడబడొచ్చు.

తనిఖీకి వచ్చే అధికారులూ ఇక్కడే ఉన్నారు కాబట్టి మనవి: నోటుబుక్కులో ఎన్ని లెక్కలున్నాయని కాదు, పుల్లలకు ఎన్ని చేతులు తగులుతున్నాయని చూడండి.

వెనక బెంచీ మీద పుల్లలున్నాయి. భోజనాలయ్యాక నలుగురేసి కూర్చుని 103లోంచి 28 తీయండి. పది కట్టల పెద్ద కట్ట ఒకటి, విడిపుల్లలు మూడు. పదుల్లో సున్నా ఉంది, ముందు ఏది విప్పాలో మీరే చెప్పాలి.